తేడా రాని కొలతలు

కూరెకుప్ప దగ్గర ఇనప ప్లేట్లు కోసే మా షాపులో ఇప్పటికీ ఒక కథ చెప్పుకుంటారు. న్యూట్రినో ప్లేట్ల పనిలో సిరుగుప్ప క్యాంపాయన నా కాగితం చూసి కొలతలు ఎక్కించుకున్నాడని, పైవాళ్ళకు దొరికిపోయి పని పోగొట్టుకున్నాడని. కొత్తగా చేరినవాళ్ళందరికీ ఎవరో ఒకరు దీన్ని వినిపిస్తారు. చివర్లో నా వైపు చూసి, పాపం ఈయన్ని నమ్మించి మోసం చేసినాడు అని ముగిస్తారు.

ఆ మాట మొదట అన్నది నేను. అది అబద్ధం. నోటితో చెప్పి చూశాను, ఎవరూ నమ్మలేదు. అందుకని రాస్తున్నాను.

మాది చోరనూరు. పాలిటెక్నిక్ అయినప్పటి నుంచి నాది కొలత పనే. కోసిన ప్లేటు మందం సరిగ్గా ఉందా, చదునుగా ఉందా, అంచులు తిన్నగా వచ్చాయా అని చూసి కాగితం మీద రాసి సంతకం పెట్టడం. నాతోపాటు అదే పని చేసినవాడు నాకన్నా ఆరేళ్ళు చిన్నవాడు. వాళ్ళ తాత కాలంలో గోదావరి వైపు నుంచి వచ్చి తుంగభద్ర కాలవ కింద వరి పెట్టుకున్న కుటుంబం. అట్లా వచ్చినవాళ్ళ ఊళ్ళను మా వైపు క్యాంపులంటారు. అందుకే షాపులో అతని పేరు క్యాంపాయన. డిగ్రీలో ఫిజిక్సు తీసుకుని ఆఖరి ఏడాది వదిలేసినవాడు. నన్ను అన్నా అని పిలిచేవాడు. నాలుగేళ్ళు ఇద్దరం ఒకే డబ్బా విప్పుకుని తిన్నాం.

"ఏమప్పా, మీ ఇంట్లో ఇంకా ఏవండీ, ఏవండీ అనే అంటాండారా?" అని నేను అడిగేవాణ్ణి.

"అంటారన్నా. మీలాగ ఏందే అని పిలిస్తే మాకు ఆ పూట అన్నం పెట్టరు" అనేవాడు.

మా రోజులు అట్లా గడుస్తుండగా ఒక పరిశోధన కేంద్రం నుంచి ఆర్డరు వచ్చింది. మామూలుగా మేము కోసేది వంతెనలకూ, ట్యాంకులకూ, క్రషర్లకూ. ఈసారి ప్లేట్లు న్యూట్రినోలను పట్టే యంత్రానికి. ముందు ఒక నమూనా కడతారు, అది సరిగ్గా పనిచేస్తే తరవాత ఎక్కడో కొండ కింద చాలా పెద్దది కడతారు. ఆ పనికి బాధ్యత వహించే శాస్త్రవేత్త ఒక మేడం. మొదటిరోజు ఆవిడ షెడ్డులోకి వచ్చి, ప్లేట్ల దొంతర పక్కన నిలబడి, సుద్దముక్కతో ప్లేటు మీదే బొమ్మ గీసి మా అందరికీ చెప్పింది.

న్యూట్రినోలనేవి సూర్యుడి నుంచీ, పైన గాలి పొరల నుంచీ ఎడతెరిపి లేకుండా వస్తుంటాయట. మన ఒంట్లోంచి, భూమిలోంచి దూరి అవతలికి వెళ్ళిపోతాయట. ఎప్పుడో ఒకటి ఇనుములో దేనికో తగులుతుంది. అప్పుడు ఇంకో కణం పుట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చిన ప్లేట్లను దాటుకుంటూ పోతుంది. ప్లేట్ల మధ్య పలచటి గాజు పెట్టెలు పెడతారు, వాటిలో గ్యాసు ఉంటుంది. కణం దాటిన చోటల్లా ఆ పెట్టెలు గుర్తు పడతాయి. ఇనుము చుట్టూ రాగి తీగ చుట్టి దాన్ని అయస్కాంతం చేస్తారు కనక కణం దారి వంగుతుంది. ఎటు వంగింది, ఎంత వంగింది అన్నది చూసి, దాన్ని పుట్టించిన న్యూట్రినో సంగతి వెనక్కి లెక్క కట్టాలి.

క్రేను నడిపే ఆయన చేతులు కట్టుకుని అంతా విన్నాడు. "కనపడదు, తగలదు, పట్టుకుందామంటే దొరకదు. అంతా మా సూపర్‌వైజరప్ప లెక్కనే ఉండాది కదా మేడం" అన్నాడు.

అందరం నవ్వాం. మేడం కూడా నవ్వింది. "ఆయన్ని పట్టడానికి ఈ ఇనుము చాలదేమో" అంది.

అప్పుడు క్యాంపాయన వెనక నుంచి అడిగాడు. "మేడం, ఇనుము ఒకచోట మందంగా, ఒకచోట పల్చగా ఉంటే దారి తప్పుగా చదువుతారు కదండీ?"

ఆవిడ అతని వైపు తిరిగి కాసేపు చూసింది. "అందుకే కొలిచేవాళ్ళు ఇద్దరు కావాలన్నాను" అంది.

ఆవిడ పెట్టిన పద్ధతి ఇది. ప్రతి ప్లేటు మీదా సుద్దతో గళ్ళు గీయాలి. ప్రతి గడిలోనూ మందం చూడాలి. నేను పొద్దున కొలవాలి, అతను మధ్యాహ్నం కొలవాలి. ఒకరి కాగితం ఇంకొకరు చూడకూడదు. ఎవరిది వాళ్ళు కవరులో పెట్టి అంటించి పంపాలి. "మీ ఇద్దరికీ తేడా వస్తుంది. రావాలి కూడా. ఆ తేడా ఎంతో తెలిస్తేనే మా కొలతను ఎంతవరకు నమ్మొచ్చో నాకు తెలుస్తుంది" అంది. వెళ్ళేముందు ఇంకో మాట చెప్పింది. ఈ పని అయ్యాక మా ఇద్దరిలో ఒకరిని, నమూనా బిగించే హాల్లో కొలతల పనికి ఆ కేంద్రం తీసుకుంటుంది.

ఆ ఉద్యోగం అతనికి ఎంత కావాలో నాకు తెలుసు. ఆ సాయంత్రం బస్టాపు దగ్గర నిలబడి, "ఇన్నాళ్ళూ కొలిచాం, సంతకం పెట్టాం, ఎవరు చూశారన్నా? ఈసారి మనం రాసిన అంకెను ఎవరో కూర్చుని చదువుతారు" అన్నాడు. అతని గొంతు ఎప్పుడూ అట్లా వినలేదు. నాకూ కావాలనే ఉండింది. ఆ సంగతి నేను అతనికి చెప్పలేదు.

మేడం చెప్పిన "రావాలి కూడా" అన్న మాట నేను విన్నాను గాని లోపలికి తీసుకోలేదు. మర్యాదకు అంటోందనుకున్నాను. ఎందుకంటే మా పనిలో తేడా అంటే తగువు. ప్లేటు కొనేవాళ్ళ మనిషి ఒకసారి కొలుస్తాడు, అమ్మేవాళ్ళ మనిషి ఒకసారి కొలుస్తాడు. తేడా వస్తే ఇద్దరూ బోర్లించిన డ్రమ్ముల మీద కూర్చుని, టీ తాగి, ఒక అంకె అనుకుని ఇద్దరి కాగితాల్లోనూ అదే రాస్తారు. దాన్ని బరాబర్ చేసుకోవడం అంటాం. అట్లా చేసుకోనివాడికి తగువులమారి అని పేరు. ఇరవై ఏళ్ళలో దాన్ని మోసం అన్నవాణ్ణి నేను చూడలేదు. అది పెద్దమనిషి తరహా.

మొదటి ప్లేటు రోజు సాయంత్రం నేనే అడిగాను.

"ఎంత వస్తాందప్పా నీకు?"

"చూసుకోకూడదన్నారు కదన్నా."

"చూసుకోవద్దంటే, వాళ్ళ ముందర చూసుకోవద్దని. ఇట్ల తే."

ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టాం. దాదాపు ప్రతి గడిలోనూ అతనికి నాకన్నా కొంచెం ఎక్కువ వచ్చింది. మేము వాడే గేజీకి బిళ్ళలాంటి ముక్క ఒకటి ఉంటుంది. ప్లేటు మీద జెల్ పూసి, ఆ ముక్కను ఆనిస్తే అది ఇనుములోకి శబ్దం పంపుతుంది. అది అడుగు దాకా పోయి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి మందం చూపిస్తుంది. చెయ్యి సరిగ్గా ఆనకపోతే అంకె తప్పుతుంది.

"నీ చెయ్యి ఆనడం లేదు. జెల్ కూడా మందంగ పూస్తాండావు" అన్నాను.

"మూడుసార్లు చూశానన్నా. ప్రతిసారీ ఇదే వచ్చింది."

"అయితే మూడుసార్లూ తప్పు చూసినావు. ఇద్దరం రెండు రకాలుగ రాస్తే ఇద్దరికీ కొలవడం రాదంటారు. సుమ్నే ఊరుకో, బరాబర్ చేద్దాం."

నేను పెద్దవాణ్ణి కాబట్టి నా అంకె నిలిచింది. అతను కొత్త కాగితం తీసుకుని నా అంకెలు అందులో ఎక్కించుకున్నాడు. అతని దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. మరుసటి రోజూ అంతే, ఆ మరుసటి రోజూ అంతే. రెండో వారంలో ఒకసారి మాత్రం కాగితం మీద నుంచి తల ఎత్తకుండానే, "తప్పయితే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ రావాలి కదన్నా. ఎప్పుడూ ఎక్కువే ఎందుకొస్తంది?" అన్నాడు. "రాయప్పా రాయి, బస్సు పోతాది" అన్నాను.

కొన్నాళ్ళకు, ఒక మధ్యాహ్నం, అతను దొంతర మీద ఎక్కి ప్లేటు సర్దిస్తున్నాడు. సుద్దముక్క అయిపోయింది, తన సంచిలో ఉంది తెమ్మని పైనుంచి కేకేశాడు. సంచి తీశాను. సుద్దముక్కల కింద సన్నటి పొడుగాటి నోటుబుక్కు ఉంది. తెరిచాను. ప్రతి ప్లేటుకూ ఒక పేజీ. ప్రతి గడికీ అతను మొదట చూసిన అంకె, దాని పక్కన చిన్న అక్షరాలతో మేము బరాబర్ చేసిన అంకె. మొదటి రోజు నుంచీ ఒక్క పేజీ తప్పకుండా ఉంది.

ఒళ్ళంతా మంటెత్తింది. ఇది మేడానికి చూపించడానికే అనుకున్నాను. సమయం చూసి తీసి, నేను నిజంగా కొలిచాను, పెద్దాయనే మార్పించాడు అని చెప్పి ఆ హాల్లోకి ఒక్కడే పోతాడు. నాతో కూర్చుని నా డబ్బాలో తింటూ, నా ఎదుటే తల ఊపుతూ రాసుకుంటూ, వెనక నన్ను పట్టించే కాగితాలు తయారు చేస్తున్నాడు. ఒక మనిషి చేతిలో మోసపోవడం ఎట్లా ఉంటుందో ఆ నాలుగు నిమిషాల్లో నాకు తెలిసిందనుకున్నాను.

అతన్ని అడగలేదు. అడిగితే కాదని ఏదో కారణం చెబుతాడు, నేను నమ్మాల్సి వస్తుంది. నాకు నమ్మాలని లేదు. ఉద్యోగం ఒకటే ఉంది, మేము ఇద్దరం ఉన్నాం. అతని మీద కోపం పెట్టుకోవడానికి నాకు ఒక కారణం దొరికింది. దాన్ని వదులుకోబుద్ధి కాలేదు. నోటుబుక్కు ఉన్నచోటే పెట్టి, సుద్దముక్క తీసుకెళ్ళి అందించాను.

"థ్యాంక్సన్నా" అన్నాడు.

మేడం మళ్ళీ వచ్చినప్పుడు ఆవిడ చేతిలో అచ్చు తీసిన కాగితం ఒకటి ఉంది. సూపర్‌వైజరు వాడుకునే గాజు గదిలో తను కూర్చుని, పెద్దవాణ్ణని నన్ను ముందు పిలిచింది.

"మీ ఇద్దరి కొలతల మధ్య తేడాలన్నీ ఇందులో గీశాను. మామూలుగా ఇది గుట్టలా రావాలి. మధ్యలో ఎత్తుగా, అటూ ఇటూ జారుతూ. ఇక్కడ చూడండి" అంది. కాగితం మీద గుట్ట లేదు. సున్నా దగ్గర ఒకే ఒక్క గీత, మేకు కొట్టినట్టు నిలువుగా ఉంది. "ఇద్దరు మనుషులు ఇన్ని చోట్ల కొలిస్తే ఒక్కసారైనా తేడా రాకుండా ఉండదు. ఎవరు ఎవరిది చూశారు?"

ఆవిడ గొంతులో కోపం లేదు. నిజం చెప్పడానికి అంతకన్నా తేలికైన చోటు దొరకదు. మేము ఇట్లా బరాబర్ చేసుకుంటాం మేడం, మా పనిలో అది అలవాటు, నేనే చేయించాను అంటే, మహా అయితే తిట్టి మళ్ళీ కొలిపించేది.

"ఆయన నా కాగితం చూసి రాసుకునేవాడు మేడం. వద్దని చెబుతానే ఉంటి. గట్టిగ చెప్పలేకపోయినా" అన్నాను.

చూసి రాసుకునేవాడన్నది నిజమే. నేనే రాయమన్నానన్నది మింగేశాను. వద్దని చెప్పానన్నది పచ్చి అబద్ధం.

తరవాత చేసింది ఇంతకన్నా ఘోరం. దాన్ని చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. గది బయట, తాగేనీళ్ళ డ్రమ్ము దగ్గర అతను నిలబడి ఉన్నాడు.

"ఏమన్నారన్నా?"

"తెలిసిపోయిందప్పా. ఇద్దరం కలిసి బరాబర్ చేసినామని చెప్పేసినా. నువ్వూ అంతే చెప్పు. ఇంకేమీ తీయబాక, పని పెద్దదవుతాది."

అతని ముఖం తేటపడింది. భుజాలు కిందికి దిగాయి. "మంచి పని చేశావన్నా. నిజం చెప్పేశావు, పోనీ. నాకు రోజూ ఇదే దిగులు" అన్నాడు. నా మోచెయ్యి ఒకసారి పట్టుకుని వదిలి లోపలికి వెళ్ళాడు.

గాజులోంచి నాకు కనిపిస్తూనే ఉంది, తలుపు పూర్తిగా వేయలేదు కనక మాటలూ వినిపించాయి. నేను చెప్పమన్నదే చెప్పాడు. ఇద్దరం కలిసే చేశామండీ అని. మేడానికి అది ఎట్లా వినిపించి ఉంటుందో నాకు తెలుసు. పెద్దవాడు తల వంచుకుని నిజం ఒప్పుకున్నాడు, చిన్నవాడు తన తప్పును పెద్దవాడి మీదకు కూడా నెడుతున్నాడు. నేనేం చెప్పానో ఆవిడ అతనికి చెప్పలేదు. ఇద్దరివీ విడివిడిగా వినడం ఆవిడ పద్ధతి. ఆ పద్ధతిలో ఉన్న న్యాయాన్నే నేను వాడుకున్నాను. ఒక్కసారి అతని చెయ్యి భుజానికి తగిలించుకున్న సంచి మీదికి పోయింది. తీయబాకని నేనన్న మాట గుర్తొచ్చిందేమో, చెయ్యి వెనక్కి వచ్చింది.

మరుసటి రోజు పొద్దున సూపర్‌వైజరు గేటు దగ్గరే అతన్ని ఆపాడు. "నువ్వు కాపీ కొట్టేది కాక పెద్దాయన మీదికి తోస్తివంట కదప్పా. మేడం దగ్గర ఆయన ఎంత మర్యాదగ చెప్పినాడు నీ సంగతి. నీకు ఇంక ఈడ పని లేదు" అన్నాడు. షెడ్డంతా వినిపించేట్టే అన్నాడు. అతను నా వైపు చూశాడు. నేను ప్లేటు మీదికి వంగి, గీసి ఉన్న గడినే మళ్ళీ గీశాను. అతను సంచి తీసుకుని బస్టాపు వైపు వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నం టీ దగ్గర అందరూ నా చుట్టూ చేరారు. "నమ్మినవాణ్ణే ముంచినాడు చూడప్పా" అన్నాను. షాపులో చెప్పుకునే కథ ఆ వాక్యంతోనే మొదలైంది.

ప్లేట్లన్నీ కేంద్రం మనుషులే వచ్చి మళ్ళీ కొలుచుకున్నారు. నన్ను తీసుకోరనుకున్నాను. మేడం ఫోన్ చేసింది. "తప్పు జరిగితే ఒప్పుకునే మనిషి మాకు కావాలి. మీరు ఒప్పుకున్నారు, రండి" అంది. వెళ్ళాను.

ఆ హాలు పెద్దది, చల్లగా ఉండేది. మా షాపు నుంచి వచ్చిన ప్లేట్లను ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్య సందుల్లోకి గాజు పెట్టెలను సొరుగుల్లా తోసేవాళ్ళం. రోజంతా కంప్యూటరు తెర మీద గీతలు పడుతుండేవి. అవి న్యూట్రినోలు కావు, ఆకాశం నుంచి మామూలుగా పడే కణాలు. అసలు యంత్రం కొండ కిందికి పోయాక వీటిని ఆ కొండ ఆపేస్తుంది, అప్పుడు న్యూట్రినోలను వెతకడం మొదలవుతుంది అని మేడం చెప్పేది. నాకు ఆ పని నచ్చింది. నచ్చిందని రాయడానికి సిగ్గుగా ఉంది. ప్రతి గీత దగ్గరా, క్యాంపాయన ఉంటే ఇక్కడ ఏం అడిగి ఉండేవాడో నాకు తెలుస్తూనే ఉండేది.

ఒకరోజు ఏసీలు మరమ్మతులో ఉన్నాయి. మధ్యాహ్నానికి హాలు వేడెక్కింది. అంతకు ముందు కొలిచిన ప్లేటునే మళ్ళీ కొలిస్తే నాకు ఎక్కువ వచ్చింది. మళ్ళీ చూశాను, మళ్ళీ ఎక్కువే. మేడం వచ్చి ప్లేటు మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడింది.

"ఇనుము వేడెక్కితే దానిలో శబ్దం కొంచెం నెమ్మదిగా పోతుంది. గేజీకి ఆ సంగతి తెలియదు. ఆలస్యంగా వచ్చింది కాబట్టి మందం ఎక్కువనుకుంటుంది" అంది. తరవాత నన్నడిగింది. "మీ షాపులో మధ్యాహ్నం ప్లేట్లు ఎంత వేడిగా ఉండేవి?"

"రేకుల షెడ్డు మేడం. చెయ్యి పెట్టలేము."

"గేజీని సరిచూసుకోవడానికి మందం ముందే తెలిసిన ఇనప ముక్క ఉంటుంది కదా, దాన్ని ఎక్కడ ఉంచేవారు?"

"ఆఫీసు గదిలో. ఫ్యాను కింద."

ఆవిడ మెల్లగా తల ఊపింది. "అయితే మధ్యాహ్నం కొలిచేవాళ్ళకు ప్రతిసారీ ఎక్కువ వచ్చి ఉండేది. మీ స్నేహితుడు నిజంగా కొలిచి ఉంటే మొదటి వారమే మనకు ఈ సంగతి దొరికేది. ఆయన అసలు కొలవనే లేదు."

నేను అక్కడే ఉన్నాను. గేజీ నా చేతిలో ఉంది. ఆయన కొలిచాడు మేడం, మూడేసిసార్లు కొలిచాడు, ఎందుకు ఎక్కువొస్తోందని నన్నే అడిగాడు అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? గుడ్డ తీసుకుని ప్లేటు మీది జెల్ తుడిచాను. ఇది రెండోసారి. మొదటిసారి కోపంలో చేశాను. ఈసారి కోపం కూడా లేదు.

కొన్ని వారాల తరవాత ఒంట్లో బాగాలేదని చెప్పి తిరిగి వచ్చేశాను. షాపులో నా చోటు నాకిచ్చారు. కథ అప్పటికే గట్టిపడి ఉంది. ఒకరోజు కొత్తగా చేరిన ఇంజినీరమ్మకు క్రేనాయన దాన్ని వినిపిస్తున్నాడు. ఆ అమ్మాయి అంతా విని, "మరి ఆయన సొంతంగా కొలిచిన అంకెలు ఏమైనట్టు?" అని అడిగింది. అంతవరకు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. "యాడివమ్మా సొంత అంకెలు, కాపీ కొట్టినోడికి" అని క్రేనాయన నవ్వాడు. ఆ అమ్మాయి నవ్వలేదు, జవాబు కోసం నా వైపు చూసింది. ఆ ఆదివారం సిరుగుప్ప బస్సెక్కాను.

అతను ఒక రైసుమిల్లులో పనిచేస్తున్నాడు. లారీల్లో వచ్చే వడ్లలో తేమ ఎంతుందో చూసే పని. నేను వెళ్ళేసరికి చిన్న యంత్రంలో గింజలు పోసి అంకె కోసం చూస్తున్నాడు. నన్ను చూశాడు. అంకె రాసుకునేదాకా లేవలేదు.

"కూర్చోండి" అన్నాడు.

అన్నా అనలేదు. ఆ ఒక్క పిలుపు లేకపోవడమే ముందు తగిలింది.

"ఆ పొద్దు మేడంతో నేను..." అని మొదలుపెట్టాను.

"తెలుసండీ. మీ సూపర్‌వైజరు గేటు దగ్గరే వినిపించాడు కదా. మీరూ విన్నారు."

నేను తల వంచుకున్నాను.

"నాకు అర్థం కానిది ఒకటే" అన్నాడు. "మీ మాట మీరు చెప్పుకున్నారు, సరే. బయటికొచ్చి నాతో ఇద్దరం చేశామని చెప్పాను అన్నారే, అది దేనికి? ఊరికే వెళ్ళిపోతే నా మాట నేను చెప్పుకునేవాణ్ణి. నేనేం చెప్పాలో కూడా మీరే చెప్పి పంపారు. మిమ్మల్ని నమ్మి అదే చెప్పాను."

"నీ సంచిలో నోటుబుక్కు చూసినా. నన్ను పట్టియ్యాలని రాసుకుంటాండావనుకున్నా."

అతను యంత్రంలోని గింజలు వెనక్కి ఒంపాడు. బయట హమాలీలు బస్తాలు దించుతున్న చప్పుడు.

"చివరి పేజీలు చూడలేదా మీరు?"

"లేదు."

"పక్కన టైము రాశాను. ఎండ ఉందా, మబ్బుందా రాశాను. మబ్బున్న రోజు మన తేడా తగ్గిపోతందండీ. ఎండలో ఏదో ఉందని నాకనిపించింది. ఇంకో వారం చూసి మీకు చెబుదామనుకున్నాను. ముందు మీకు, తరవాత మేడానికి. ఇద్దరం కలిసి కనిపెట్టామని చెబుదామనే."

"అదిప్పుడు యాడుంది?"

"లేదండీ. ఇంటికొచ్చిన రోజే కాలవలో పడేశాను."

క్షమించమని అడిగాను. "నాకు చెప్పడం తేలికండీ, నాకు తెలిసిందే కదా. తెలియనివాళ్ళకు చెప్పండి" అన్నాడు. ఇంకో లారీ వచ్చి ఆగింది. లేచి వెళ్ళాడు.

మేడానికి ఉత్తరం రాశాను. నేను చేసినవి ఒక్కొక్కటిగా రాశాను. ఏసీలు ఆగిన రోజు సంగతీ, ఆవిడ అడిగినప్పుడు నేను జెల్ తుడుస్తూ ఉండిపోయిన సంగతీ కూడా రాశాను. జవాబు ఒకే వాక్యం వచ్చింది. "ఆయన ఫోను నంబరు పంపండి." పంపాను. నాకు మళ్ళీ ఏమీ రాయలేదు.

షాపులో టీ సమయానికి అందరూ ఉన్నప్పుడు లేచి నిలబడి చెప్పాను. రాసుకోమన్నది నేనే, అబద్ధం చెప్పింది నేనే, ఆయన్ని ఏమార్చి లోపలికి పంపింది నేనే అని. క్రేనాయన లేచి వచ్చి నా భుజం తట్టాడు.

"ఊరికే మీదేసుకోబాకప్పా. ఆయనకు మళ్ళా పని ఇప్పియ్యాలని చెప్తాండావు. మాకు ఆమాత్రం తెలీదా?"

"కాదప్పా, నిజంగానే చెప్తాండా."

"హౌదు, హౌదు, ఔనప్పా" అన్నాడు సూపర్‌వైజరు గ్లాసు కింద పెడుతూ. "అంత మోసం చేసినోడి గురించి ఇట్ల మాట్లాడేవాణ్ణి నేను చూడలేదు. నీది దొడ్డ మనసు."

ఎంత చెప్పినా అంతే. ఆ రోజు నుంచి కథ చివర ఇంకో మాట కూడా చేరింది. పెద్దాయన ఇప్పటికీ ఆయన తప్పు తన మీద వేసుకుంటాడని. ఇంజినీరమ్మ ఒక్కతే అప్పటి నుంచి నాతో పనికి తప్ప మాట్లాడదు. ఆ అమ్మాయి నమ్మిందని నాకు తెలుసు.

పోయిన నెలలో క్యాంపాయన నుంచి ఫోన్ వచ్చింది.

"మేడం మాట్లాడారండీ. మీరు రాసింది చదివారంట. పెద్ద డిటెక్టరుకు ప్లేట్ల పని మొదలుపెడతారంట, కొలతలకు నన్ను రమ్మన్నారు."

నా గుండె ఒక్కసారి తేలికైంది. "ఎప్పుడు పోతాండావు?"

"రానని చెప్పాను."

"ఏందప్పా అట్లంటావు? అది నీ పని కదా. నీ అంకె ఎవరో కూర్చోని చదవాలని నువ్వే అంటివి కదా."

"కొలవడం ఇప్పటికీ ఇష్టమేనండీ. కానీ అక్కడ రెండో మనిషి ఉంటాడు కదా, ఇంకో కాగితం పట్టుకుని. ఒకరోజు ఆయన లోపలికెళ్ళి వస్తాడు. ఏం చెప్పావని నేనడుగుతాను. ఆయన ఏదో చెబుతాడు. అది నిజమో కాదో ముఖం చూసి తెలుసుకోవడం నాకు రాదండీ. మేడంతో ఈ మాట అనలేదు, చేతులు ఖాళీ లేవన్నాను. మీకు తెలియాలని చెప్పాను."

నేను ఏదో అనబోయాను.

"లారీ వచ్చింది, ఉంటానండీ" అని పెట్టేశాడు.